పరుగుకు ముందు నొప్పి మాత్ర: ఉద్దానం నుంచి ఒక ప్రశ్న

ప్రశ్న: నాకు పందొమ్మిదేళ్లు. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. అగ్నివీర్ ర్యాలీకి ఇంకా ఆరు వారాలు ఉంది. 1.6 కిలోమీటర్ల పరుగును ఐదున్నర నిమిషాల్లోపు ముగిస్తేనే పూర్తి మార్కులు వస్తాయి. నాకు ప్రస్తుతం ఐదు నిమిషాల యాభై సెకన్లు పడుతోంది. మొదట్లో రోజూ మూడు కిలోమీటర్లు పరుగెత్తేవాడిని. రెండు నెలల క్రితం సీనియర్ల బ్యాచ్‌లో చేరాక ఒకేసారి ఏడెనిమిది కిలోమీటర్లు హైవే పక్కన పరుగెత్తుతున్నాను. నెల రోజులుగా కుడి కాలికి మోకాలికీ చీలమండకూ మధ్య, లోపలి వైపు ఎముక నొప్పిగా ఉంటోంది. సీనియర్లు చెప్పినట్టు పరుగుకు అరగంట ముందు డైక్లోఫినాక్ మాత్ర వేసుకుంటున్నాను. వేసుకుంటే నొప్పి తెలియడం లేదు. మా నాన్నగారికి క్రియాటినిన్ కొంచెం ఎక్కువగా ఉందని నిరుడు చెప్పారు. నేను మాత్ర కొనసాగించవచ్చా? ర్యాలీ రోజున ఇంజెక్షన్ చేయించుకోవచ్చా? స్ట్రెచింగ్ సరిగా చేయకపోవడం వల్లే ఈ నొప్పి వచ్చిందా?

సమాధానం: మాత్రను ఈ రోజు నుంచే ఆపండి. కాలి నొప్పి సంగతి తరువాత మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కాలు కాదు. మూత్రపిండాల జబ్బుకు పేరుపడ్డ ఉద్దానంలో పుట్టి పెరిగిన కుర్రవాడు, ఇంట్లో తండ్రికి క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపవలసిన వ్యర్థం) రక్తంలో ఎక్కువగా ఉందని తెలిసి కూడా, వేసవి ఉక్కలో పరుగెత్తబోయే ముందు రోజూ డైక్లోఫినాక్ వేసుకోవడం మూత్రపిండాల విషయంలో ఎవరూ సమర్థించలేని పని. మీకు ఆ సలహా ఇచ్చిన సీనియర్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. మైదానాల్లో ఈ అలవాటు ఒకరి నుంచి ఒకరికి అలా పాకుతూనే ఉంది, మందుల షాపులో చీటీ అడిగేవారు లేకపోవడం దానికి తోడైంది.

మామూలు వేళల్లో గుండె నుంచి బయలుదేరే రక్తంలో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకు చేరుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఆ రక్తం కాళ్ల కండరాలకూ, ఒంటి వేడిని బయటికి పంపే చర్మానికీ మళ్లుతుంది కనుక మూత్రపిండాల వాటా సగానికి పైగా పడిపోవచ్చు. చెమటతో నీరు పోయేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. అటువంటి సమయంలో మూత్రపిండం తన లోపలికి వచ్చే సన్నని రక్తనాళాలను తెరిచి ఉంచుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేసుకుంటుంది. కాలువలో నీరు సన్నగిల్లినప్పుడు శివారు మడికి తడి అందాలంటే తూము తలుపు పూర్తిగా ఎత్తి ఉంచాలి కదా, ప్రోస్టాగ్లాండిన్లు చేసే పని అదే. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటి మందులన్నీ నొప్పిని తగ్గించేది ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకోవడం ద్వారానే. అవి కాలిలో ఒక న్యాయం, మూత్రపిండంలో ఒక న్యాయం పాటించవు. కాలి నొప్పితో పాటు ఆ తూము తలుపు కూడా దిగిపోతుంది.

ఇది పుస్తకాల్లో చెప్పుకునే భయం మాత్రమే కాదని 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. యాభై మైళ్ల దూరపు పరుగుల్లో పాల్గొన్న 89 మందిని రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి నాలుగు గంటలకొకసారి 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్, మరొక వర్గానికి చూడటానికి అలాగే ఉండే మందు లేని మాత్ర ఇచ్చారు. పరుగు ముగిశాక రక్తపరీక్ష చేస్తే, మూత్రపిండాలకు దెబ్బ తగిలిన సూచనలు మందు లేని మాత్ర వేసుకున్నవారిలో 34 శాతం మందికి, ఐబుప్రొఫెన్ వేసుకున్నవారిలో 52 శాతం మందికి కనిపించాయి. అధ్యయనం చిన్నది, మీరు పరుగెత్తేది యాభై మైళ్లు కాదు, ఆరోగ్యవంతుల్లో ఇటువంటి మార్పు సాధారణంగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఈ మూడు మాటలనూ ఒప్పుకుంటూనే ఒక విషయం గమనించమంటాను. ఆ పరుగువీరులు ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే పనిని మీరు నెల రోజులుగా ప్రతి ఉదయం చేస్తున్నారు, సర్దుకోవడానికి మూత్రపిండానికి మీరు ఇస్తున్న గడువు ఒక్క రోజే.

దీనికి ప్రాంతం తోడవుతుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎంతమందిని తినేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా అది ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. నీరు, నేల, వారసత్వం, ఎండలో ఒళ్లు విరిచే శ్రమ, నొప్పి మాత్రల వాడకం, ఇలా అనుమానితుల జాబితా పొడుగైనదే. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో ఎండలో చెరకు నరికే యువ కూలీలకు ఇటువంటి వ్యాధే వస్తుండటం వల్ల, వేడిలో పదేపదే ఒళ్లు ఎండిపోవడం అనే కారణాన్ని పరిశోధకులు గట్టిగా పట్టించుకుంటున్నారు. దోషి ఎవరో తేలనప్పుడు, మన చేతిలో ఉన్న అనుమానితుడినైనా ఇంట్లోకి రానివ్వకపోవడం తెలివైన పని, వాటిలో నొప్పి మాత్ర ఒక్కటే మీరు ఈ సాయంత్రమే మానేయగలిగింది.

ప్రసక్తి వచ్చింది కనుక చెబుతున్నాను, మన దేశంలో రాబందులు దాదాపు కనుమరుగైపోయింది ఈ డైక్లోఫినాక్ వల్లనే. పశువులకు ఇచ్చిన మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న పక్షులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయాయని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి శరీరం రాబందు శరీరం కాదు, ఆ మోతాదుల లెక్క మనకు వర్తించదు. అయినా, ఈ మందుకు ఏ అవయవంతో పేచీయో గుర్తుండిపోవడానికి ఆ ఉదంతం పనికొస్తుంది.

మీరు చేయించుకోవలసిన పరీక్షలు మూడే: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, రక్తపోటు. మాత్ర ఆపిన వారం తరువాత వెళ్లండి. పరీక్షకు ముందు రోజు పరుగు, బరువులు మానండి, రాత్రి మాంసం తినకండి. గట్టి వ్యాయామం వల్లా, మాంసం వల్లా క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి, లేని భయం పుట్టించవచ్చు. ఒకవేళ అన్నీ సరిగ్గా ఉన్నాయని వస్తే, మాత్ర తిరిగి మొదలుపెట్టవచ్చునని దాని అర్థం కాదు. మూత్రపిండాల పనిలో సగం దాకా పోయేవరకు క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు, అందుకే మూత్ర పరీక్షను వదిలిపెట్టవద్దంటున్నాను. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మీకు దగ్గరే. నాన్నగారిని కూడా వెంట తీసుకువెళ్లండి, ఆయన కీళ్ల నొప్పులకో నడుము నొప్పికో ఇవే మాత్రలు వాడుతున్నారేమో అడిగి తెలుసుకోండి.

ఇక కాలి సంగతి. మీరు వర్ణించిన నొప్పి పరుగు కొత్తగా పెంచినవారికి, సైనిక శిక్షణలో చేరినవారికి తరచుగా వచ్చేదే. అది రెండు రకాలుగా ఉంటుంది, రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిది ఎముక లోపలి అంచు పొడవునా వచ్చే ఒరిపిడి నొప్పి. రెండవది ఎముకలో వెంట్రుకవాసి పగులు. సాయంత్రం తీరికగా గోడకు ఆనుకొని కూర్చొని, మోకాలి కిందినుంచి చీలమండ వరకు ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ రండి. నొప్పి అయిదారు సెంటీమీటర్ల పొడవున పరుచుకొని ఉంటే మొదటి రకం కావచ్చు. రూపాయి బిళ్లంత ఒక్కచోటే, నొక్కగానే ఉలిక్కిపడేలా ఉంటే, నడిచేటప్పుడు కూడా పోకుండా రాత్రి నిద్రలో సలుపుతుంటే, పగులును అనుమానించాలి. అటువంటప్పుడు ఆ కాలి మీద గెంతి చూసే పరీక్షలు కూడా మీరు సొంతంగా చేయకండి, నేరుగా శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్లండి. ఒక హెచ్చరిక: మొదటి రెండు మూడు వారాల్లో ఇటువంటి పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. ఎక్స్‌రే బాగుందని తిప్పి పంపినా నొప్పి అక్కడే ఉంటే ఎంఆర్ఐ అవసరమా అని డాక్టరును అడగండి. పరీక్షకు వెళ్లేముందు ఒకటి రెండు రోజులైనా మాత్ర లేకుండా ఉండాలి, మందు మీద ఉన్న కాలిని నొక్కితే అది నిజం చెప్పదు.

అమెరికా సైనికుల వైద్య రికార్డులను పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో, ఈ జాతి నొప్పి మాత్రలు రాయించుకున్నవారిలో ఇటువంటి పగుళ్లు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా నమోదయ్యాయి. మాత్రలే ఎముకను బలహీనపరిచాయని దీన్నిబట్టి తీర్మానించడం తొందరపాటు అవుతుంది, ఎందుకంటే అప్పటికే ఎముక నొస్తున్నవారే మాత్ర కోసం వెళ్లి ఉండవచ్చు. అయితే మీ విషయంలో ఆ రెండింటిలో ఏది నిజమైనా ఫలితం ఒక్కటే. కాలు ఆగమన్నప్పుడు ఆ మాట వినపడకుండా చేసుకొని నెల రోజులు పరుగెత్తారు.

స్ట్రెచింగ్ చేయకపోవడం వల్ల ఇది వచ్చిందా అని అడిగారు. కాదు. ఈ ప్రశ్నకు మీలాంటివారి మీదే చేసిన పరిశోధన ఉండటం మన అదృష్టం. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1538 మందిని రెండు వర్గాలుగా విడదీసి, పన్నెండు వారాల శిక్షణలో ఒక వర్గం చేత ప్రతిసారీ వ్యాయామానికి ముందు కాళ్ల కండరాలను సాగదీయించారు, రెండవ వర్గం చేత చేయించలేదు. 2000లో వెలువడిన ఫలితం ప్రకారం గాయాల్లో చెప్పుకోదగిన తేడా రాలేదు. చేరేనాటికి ఎవరి దమ్ము తక్కువగా ఉందో వారికే గాయాలు ఎక్కువ అయ్యాయి. పరుగుకు ముందు పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు, కొన్ని గెంతులు చాలు. సాగదీయడం మీకు హాయిగా ఉంటే తరువాత చేసుకోండి, దానివల్ల నష్టమేమీ లేదు.

అసలు కారణం మీ ఉత్తరంలోనే ఉంది: మూడు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా ఏడెనిమిదికి దూకారు. వారానికి పది శాతం కంటే ఎక్కువ పెంచకూడదని శిక్షకులు ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చారు. డెన్మార్క్ పరిశోధకుల నాయకత్వంలో 5205 మంది పరుగువారిని ఏడాదిన్నర పాటు వారి చేతి గడియారాల లెక్కల ద్వారా గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనం ఈ మాటను కొంత తిరగరాసింది. వారం మొత్తం మీద దూరం ఎంత పెరిగిందన్నది గాయాలను అంతగా పట్టివ్వలేదు. ఒకే పూటలో పరుగెత్తిన దూరం, అంతకుముందు ముప్పై రోజుల్లో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని పది శాతానికి మించి దాటినప్పుడు గాయాలు పెరిగాయి, రెట్టింపు దాటితే గాయాల రేటు రెండింతలకు పైగా అయింది. అందులో ఉన్నవారు ఎక్కువమంది మీకంటే వయసులో బాగా పెద్దవారు, సరదాకు పరుగెత్తేవారు కనుక అంకెలను యథాతథంగా మీకు అంటగట్టలేను. కానీ సూత్రం మాత్రం మీ కాలికి సరిగ్గా సరిపోతుంది. ఎముక గట్టిపడటానికి వారాలు పడుతుంది, ఊపిరితిత్తులు అంతకంటే త్వరగా అలవాటుపడతాయి. దమ్ము సరిపోతోంది కదా అని దూరం పెంచినవారికి ఎముక అడ్డుపడేది అందుకే.

పైగా ఆ ఎనిమిది కిలోమీటర్లు మీ లక్ష్యానికి పెద్దగా పనికివచ్చేవి కావు. 1.6 కిలోమీటర్లను 330 సెకన్లలో ముగించాలంటే ప్రతి 400 మీటర్లనూ 82.5 సెకన్లలో దాటాలి, మీరు ఇప్పుడు 87.5లో దాటుతున్నారు. చుట్టుకు అయిదు సెకన్లు తగ్గించుకోవాలి, అంతే. నెమ్మదిగా సాగే దూరపు పరుగు దమ్ము పెంచుతుంది కానీ ఆ వేగాన్ని నేర్పదు.

డాక్టరు పగులు లేదని చెబితే, మొదటి వారం పది రోజులు పరుగు పూర్తిగా మానండి, కానీ కూర్చోవద్దు. ఇంట్లో సైకిల్ ఉంటుంది కదా, మూడు నిమిషాలు ఆయాసం వచ్చేలా తొక్కి రెండు నిమిషాలు నెమ్మదిగా తొక్కడం ఐదారుసార్లు చేయండి. పది రోజులు పరుగు మానినంత మాత్రాన దమ్ము పోదు, సైకిల్ దాన్ని చాలావరకు నిలబెడుతుంది. అరగంట చురుకుగా నడిచినా నొప్పి లేదన్న రోజున పరుగు మొదలుపెట్టండి, రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, మొత్తం రెండు కిలోమీటర్లు దాటకుండా. పరుగులో నొప్పి పదికి రెండును మించకూడదు, మర్నాటి ఉదయానికి పూర్తిగా పోవాలి. పోకపోతే ఆ రోజు సెలవు. మూడవ వారం చివరికి ఇబ్బంది లేకపోతే 400 మీటర్ల చుట్లు నాలుగు, మధ్యలో మూడేసి నిమిషాల విరామంతో, మొదట 88 సెకన్లలో, తరువాతి వారాల్లో 85, 82 వైపు. ఇవి వారానికి రెండుసార్లకు మించవద్దు, సిమెంటు రోడ్డు వదిలి మట్టి మైదానం చూసుకోండి. పాదం మోగకుండా మెత్తగా ఆనించడం మీద మనసు పెట్టండి. హాంకాంగ్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 320 మందిపై చేసిన అధ్యయనంలో, మెత్తగా దిగడం నేర్చుకున్నవారిలో మరుసటి ఏడాది గాయాలు 62 శాతం తక్కువగా నమోదయ్యాయి. చెవితో నేర్చుకోగల విద్య ఇది, ఖర్చు లేదు. అరిగిపోయిన బూట్లు మార్చండి, ఖరీదైనవి కొనమనడం లేదు.

పిక్కలకు బలం పెంచడం వేరే పని, దాన్ని వదలకండి. అరుగు అంచున ముందు పాదాలతో నిలబడి, మడమలను నెమ్మదిగా పైకెత్తి నెమ్మదిగా దించడం, మొదట రెండు కాళ్లతో, నొప్పి లేకపోతే ఒంటికాలితో, పదిహేనేసి చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు చేయండి. గోడకుర్చీ, గుంజీలు దానికి తోడు. ఇరవై ఆరు వేల మందికి పైగా పాల్గొన్న 25 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి విశ్లేషణలో, గాయాలను తగ్గించడంలో బలం పెంచే వ్యాయామాలే అన్నిటికంటే ముందు నిలిచాయి, స్ట్రెచింగ్ ప్రయోజనం కనిపించలేదు. బరువులెత్తితే ఒళ్లు బిరుసెక్కి పరుగు మందగిస్తుందని మన మైదానాల్లో ఒక నమ్మకం ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లాలో, పక్కనే విజయనగరం జిల్లా కొండవెలగాడలాంటి ఊరికి ఊరే బరువులెత్తుతున్న చోట, ఆ నమ్మకం ఇంకా బతికి ఉండటం నాకు వింతగానే ఉంటుంది.

తిండి గురించి మీరు రాయలేదు, కానీ తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పరుగెత్తి, పదింటికి టిఫిన్ చేసేవారు మీలో చాలామంది. చేసే శ్రమకు తగిన తిండి లేనప్పుడు ఎముక మరమ్మతు ఆగిపోతుందని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014 నుంచి చెబుతూ, 2023లో మరింత వివరంగా చెప్పారు. పరుగుకు ముందు అరటిపండో, గ్లాసెడు చోడి (రాగి) అంబలో తీసుకోండి. వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పరుగయ్యాక గంటలోపు గుడ్లతోనో పప్పుతోనో కడుపు నిండా తినండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగుతూ, మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా చూసుకోండి. ముదురు రంగు వస్తున్న రోజున ఎండెక్కాక సాధన చేయవద్దు.

ఇంజెక్షన్ ప్రశ్నకు నా జవాబు గట్టిగా కాదనే. ర్యాలీ రోజు ఉదయం ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది, కొందరైతే దానికి స్టెరాయిడ్ కలిపి, చేయించుకొని వెళ్లడం నేను విన్న మాటే. ర్యాలీలో గంటల తరబడి వరుసల్లో నిలబడి, సరిగా తాగక, తినక, ఒక్కసారిగా ప్రాణం పెట్టి పరుగెత్తే రోజు అది. మూత్రపిండానికి అంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు. ఎముకలో పగులు ఉన్నవాడు సూది మత్తులో పూర్తి వేగంతో పరుగెత్తితే వెంట్రుకవాసి పగులు రెండు ముక్కలుగా విరగడం కూడా జరుగుతుంది. నొప్పి భరించలేనంతగా ఉన్నప్పుడు, పరుగుతో సంబంధం లేకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది, గాయం త్వరగా మానుతుందనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. 1978లో ఐసు సలహాను ప్రాచుర్యంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కినే తరువాత ఆ మాట మార్చుకున్నారు.

పగులు ఉందని తేలితే ఈ ర్యాలీని వదులుకోండి. మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, తిరిగి పరుగులో పడటానికి మరికొన్ని వారాలు పడుతుంది, దానికి దగ్గరి దారి లేదు. మీకు పందొమ్మిదేళ్లే కనుక వచ్చే ఏడాది నోటిఫికేషన్‌కూ అర్హులే. పరుగులో నెగ్గినవారికి ఎలాగూ తరువాత సైనిక డాక్టర్ల వైద్యపరీక్ష ఉంటుంది. వచ్చే వారం చేయించుకునే క్రియాటినిన్, మూత్ర పరీక్షల కాగితాలు పారేయకుండా దాచి, ఆరు నెలల తరువాత మళ్లీ చేయించి పోల్చి చూసుకోండి.